మాయం కావలసిన పన్నెండు ముక్కలు

పొద్దున్న పది గంటలకు తనిఖీ బృందం ముందు గుంట తవ్వాలి. అందులో ఏమీ కనబడకూడదు. సుద్దాయన ఆ రోజుకు వేసుకున్న పథకం అంతే. ఆరేళ్లుగా ఆయన పిండితో సంచుల షీట్లు తయారు చేస్తున్నాడు. పారేస్తే మట్టిలో కలిసిపోవాలని ఆశ. అవేమో తడి తగలగానే జావైపోయేవి. ఈసారి మెత్తటి సుద్దపొడీ, బంకమట్టీ కలిపి వాటికి బలం తెచ్చాడు. నెత్తిమీదా మీసాలమీదా ఎప్పుడూ ఆ పొడే ఉంటుంది కాబట్టి ప్రయోగశాలలో అందరికీ ఆయన సుద్దాయనే.

"ఇవాళైనా కాస్త నవ్వుమొహంతో వెళ్లండి," అంది భార్య, చొక్కా అందిస్తూ.

"దేనికే? ఆ ముక్కలు కరక్కపోతే సాయంత్రానికి నా గదిలో విరిగిన కుర్చీలు పడేస్తారు. నిన్ననే కొలతలు కూడా తీసుకెళ్లారు."

"కరిగితే?"

"నా మొహానికి కరుగుతాయా!"

ఎనిమిదింటికే ప్రయోగశాల పెరట్లోకి వెళ్లి, మనసాగక గుంటను చిన్న పారతో కెలికి చూశాడు. నలభై రోజుల కిందట స్వయంగా పాతిన పన్నెండు ముక్కల్లో ఒక్కటీ లేదు. మోచేతి లోతుకు తవ్వాడు. మట్టి తప్ప మరేమీ లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ప్రతిదాన్నీ అనుమానించే మనిషి, ఆ ఒక్క పొద్దున అనుమానించడం మరిచిపోయాడు. మట్టిచేతులతోనే డైరెక్టరమ్మ గదికి పరుగెత్తాడు.

"మేడమ్, కరిగిపోయాయి!"

"అన్నీనా?"

"అన్నీ! నలభై రోజుల్లో!"

ఆవిడ వెంటనే ఫోనందుకుంది. మూడో ఫోనుకు నలభై రోజులు ముప్పయ్యయ్యాయి. నోటీసు బోర్డుకెక్కేసరికి మూడు వారాలే మిగిలాయి. ఫోటోగ్రాఫరొచ్చాడు. గుంట పక్కన బల్ల వేసి, దానిమీద గుడ్డ పరిచారు.

"మేడమ్, నలభై రోజులండీ..." అని సుద్దాయన నసిగాడు.

"ఊరుకోండి. మంచి జరిగినా మీకు ఏడుపే!"

పదింటికి బృందం వచ్చింది. బట్టతల అధికారి దగ్గరుండి తవ్వించాడు. ఏమీ లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. సుద్దాయనకు కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే తోటమాలి ఒక పళ్లెం పట్టుకుని గుంపును తోసుకుంటూ వచ్చాడు.

"వీటికోసమేనా సార్, పొద్దుట్నుంచీ తవ్వుతున్నారు? భద్రంగా ఉన్నాయి."

పళ్లెంలో పన్నెండు ముక్కలూ ఉన్నాయి. ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి.

"ఎప్పుడు తీశావయ్యా?" అన్నాడు సుద్దాయన.

"నిన్న సాయంత్రం. పెద్దవాళ్లొస్తున్నారని గుంట శుభ్రం చేసి మళ్లీ పూడ్చా. మట్టిలో ప్లాస్టిక్ కనబడితే పీకి పారెయ్యమని పోయినేడు మీటింగులో బల్లగుద్ది చెప్పింది మీరేగా!"

చెప్పిన మాట నిజమే. బల్ల గుద్దిందీ నిజమే.

"ఇది ప్లాస్టిక్ కాదయ్యా, పిండి!"

"పిండైతే సబ్బు పెట్టి బండకేసి బాదినా ఇలా ఉంటుందా సార్?"

డైరెక్టరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. బట్టతల అధికారి ఒక ముక్క తీసి లాగాడు. చిరగలేదు. రెండో కొస ఇంకొకాయనకిచ్చి ఇద్దరూ కాళ్లు తన్నిపెట్టి లాగారు. చిరగలేదు.

"ఇన్నాళ్లు తడిమట్టిలో ఉండి కూడానా! ఇది సంచులకెందుకండీ? వానకు కారే ఇంటికప్పులమీద పరిస్తే బ్రహ్మాండంగా ఉంటుంది!"

"మేమూ మొదట్నుంచీ అదే అనుకుంటున్నామండీ," అంది డైరెక్టరమ్మ తడుముకోకుండా. ఆవిడా తోటమాలీ చెరో కొసా పట్టుకుని ఫోటో దిగారు. అందులో సుద్దాయన మోచెయ్యి మాత్రం పడింది.

మధ్యాహ్నానికి ఆయన గదికి 'ఏళ్ల తరబడి మన్నే షీట్ల విభాగం' అని కొత్త బోర్డు తగిలించారు. ఆయన దాని కిందనుంచి తలవంచుకుని వెళ్లి కూర్చున్నాడు. తన చేత్తో చేసిన వస్తువొకటి ఆనవాలు లేకుండా పోతే చూడాలని ఆరేళ్లు కలగన్నాడు. ఇక ఆ మాట ఎవరితోనూ అనడానికి కూడా లేదు.

"పోన్లెండి, గది మిగిలిందిగా," అంది భార్య ఇంట్లో.

"మిగిలింది. మిగలకూడనివి కూడా మిగిలాయి."

అయినా ఉండబట్టలేక, మర్నాడు సుద్ద సగానికి తగ్గించి ఒక్క ముక్క చేశాడు. సాయంత్రం అందరూ వెళ్లాక, గోడవారన, ఎవరికీ చెప్పకుండా, గుర్తు కూడా పెట్టకుండా పాతాడు.

తెల్లారి వచ్చేసరికి అది ఆయన బల్లమీద ఉంది. ఈసారి ఇస్త్రీ కూడా చేసి ఉంది.