ఓరెస్ట్ చేతి తూకం

ఆ మంగళవారం ఉదయానికి ఓరెస్ట్ దుబిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి క్లినిక్‌కి వెళ్ళాలి, ఎత్తమన్నవి ఎత్తాలి, నోరు మూసుకోవాలి. మూడోది అతని భార్య మార్లీన్ చేర్చింది.

"నీ నడుం గురించి నాకు బెంగ లేదు. నీ నోటితోనే భయం. ఏమడిగినా అవును, కాదు అను. చాలు," అని టోపీ నెత్తిన పెట్టి మరీ పంపింది.

విన్నిపెగ్‌లో ముప్పై ఏళ్ళు పియానోలు మోసిన మనిషి ఓరెస్ట్. కిందటి వేసవిలో ఒక చర్చి మెట్ల మీద నడుం దెబ్బతింది. తిరిగొచ్చాక కంపెనీ వాళ్ళు ఫోను దగ్గర కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ అతను ఎత్తే బరువు రిసీవరు ఒక్కటే. ఎనభై పౌన్లు ఎత్తగలడని క్లినిక్ కాగితం రాసిస్తే సోమవారం నుంచి మళ్ళీ పియానోలు. రాయకపోతే రిటైరయ్యేదాకా ఫోనే.

ఆ కాగితం రాసేది హెస్టర్ గ్రాంట్. దెబ్బ తగిలిన పనివాళ్ళు పాత పనికి పనికొస్తారో లేదో తేల్చడం ఆమె ఉద్యోగం. మూలుగులో నొప్పి ఎంత, నటన ఎంత అన్నది ఆమె తలుపు అవతల నుంచే చెప్పగలదు. పంటి బిగువున నొప్పి దాచుకునేవాళ్ళనీ అంత తేలిగ్గానే పట్టేస్తుంది. ఇరవై ఏళ్ళలో ఆమెను బోల్తా కొట్టించినవాడు లేడు. ఆమె పరీక్షకి ఎత్తించే బరువు పెట్టెలకు మూతలు బిగించి ఉంటాయి. బరువెంతో తెలిస్తే ఒంటికంటే ముందు బుర్ర భయపడుతుందని ఆమె సిద్ధాంతం.

ఓరెస్ట్ ఛాతీకి గుండె వేగం కొలిచే బెల్టు కట్టి, మొదటి పెట్టె చూపించింది. అతను మోకాళ్ళు వంచి, నడుం నిటారుగా ఉంచి ఎత్తాడు.

"నలభై నాలుగు," అన్నాడు.

కావాలని అనలేదు. పియానోల వాళ్ళకి అది అలవాటు. ఎత్తగానే బరువు పలకాలి. రెండో కొస పట్టుకున్నవాడు దాన్నిబట్టి కాళ్ళు సర్దుకుంటాడు. ఇక్కడ రెండో కొసన ఎవరూ లేరన్న సంగతి నోటికి తట్టలేదు.

హెస్టర్ కాగితం చూసింది. నలభై. సరే అనుకుని రెండోది చూపించింది.

"అరవై ఆరు."

కాగితంలో అరవై. మూడోది ఎనభై. దాన్ని ఓరెస్ట్ చక్కగా నడుం ఎత్తుకి తెచ్చి, బల్ల మీద చప్పుడు కాకుండా దించి, "ఎనభై ఎనిమిది," అన్నాడు.

"బరువులు మీకెవరు చెప్పారు?" అంది హెస్టర్.

"చేతులు."

"నా బరువుల పట్టీ ఎవరో మీకు చూపించారు. మీరు దానికి పదోవంతు కలిపి గొప్పకి పోతున్నారు. ఇలా అయితే ఈ పరీక్ష నమ్మదగ్గది కాదని రాయాల్సొస్తుంది ఓరెస్ట్ గారూ."

నోరు మూసుకోవాల్సింది అనుకున్నాడు ఓరెస్ట్. మార్లీన్ చెప్పనే చెప్పింది.

పట్టీ బయటపెట్టిందెవరన్న అనుమానం సహజంగానే రిసెప్షన్‌లో ఉన్న లూసీల్ మీదికి పోయింది. "నేనా? నా జీతం పెరిగిందో లేదో చూసుకునే తీరికే లేదు నాకు, మీ పెట్టెల పట్టీ చూస్తానా!" అని లూసీల్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పట్టీలో లేనిదేదైనా ఇచ్చి చూద్దామని హెస్టర్ లూసీల్ చేతిసంచీ లాక్కుని ఓరెస్ట్‌కి అందించింది.

"పదకొండు."

పెట్టెలన్నీ తూచి నింపిన తూకం మిషను మీద పెడితే పది చూపించింది.

"పదకొండా!" అంది లూసీల్, ఏడుపు మానేసి. "అందుకే నా భుజం ఇలా లాగుతోంది!"

"మిషను అబద్ధం చెప్పదు," అంది హెస్టర్.

"చెయ్యీ చెప్పదు మేడమ్. ఎదురుగా వాసిల్ మాంసం కొట్టుంది. వాడి కాటాకి సర్కారు ముద్ర ఉంది. పదండి తేల్చుకుందాం."

వీధిలోకి వెళ్ళాలంటే మెట్లు దిగాలి, మెట్ల మీద బరువు మోయడం ఎలాగూ పరీక్షలో ఉన్నదే. ఓరెస్ట్ నలభై పెట్టె ఎత్తుకున్నాడు. పరీక్ష మధ్యలో మనిషిని కంటికి దూరం చేయకూడదు కనుక హెస్టర్ కాగితాలు బిగించిన అట్ట, పెన్ను పట్టుకుని, కోటు వేసుకోకుండానే వెనకాల బయల్దేరింది. మార్చి నెల మంచు రోడ్డు మీద అతను గీత గీసినట్టు నడిచాడు. రెండుసార్లు జారింది ఆమే.

"ఒరేయ్ ఓరెస్టూ! పియానోలు పోయి పెట్టెలకి దిగావా?" అన్నాడు వాసిల్, సాసేజీలు పక్కకి నెట్టి.

"నోరు మూసి తూచరా."

నలభై నాలుగు. క్యూలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. హెస్టర్ నమ్మలేదు. ఓరెస్ట్ పెట్టె వెనక్కి మోసి, రెండోది తెచ్చాడు. అరవై ఆరు. ఈసారి చప్పట్లు లేవు. హెస్టర్ ముఖం చూసి అందరూ మాంసం వంక తిరిగారు.

క్లినిక్‌కి వచ్చాక ఆమె మెల్లగా అడిగింది. "లూసీల్, ఈ మిషను ఎప్పుడైనా కిందపడిందా?"

"పడలేదు మేడమ్. జనవరిలో కొత్త ట్రెడ్‌మిల్ వచ్చినరోజు, వెనక తలుపు మూసుకోకుండా దీన్ని అడ్డం పెట్టారు. ట్రెడ్‌మిల్‌ని దీని మీదనుంచే లాక్కొచ్చారు."

"ఎవరు?"

లూసీల్ పైకప్పు వంక చూసింది.

"నేనేనా?"

"మీరే."

మరొకరైతే మిషను మార్చేసి ఊరుకునేవారు. హెస్టర్ అలా కాదు. జనవరి నుంచి తను పరీక్షించిన పంతొమ్మిది మంది కాగితాలు బయటికి తీసింది. అందులో నలుగురిని పది పౌన్లలోపు తేడాతో పాత పనికి పనికిరారని రాసింది. వాళ్ళందరికీ మధ్యాహ్నం లోపు ఫోన్లు చేసి, "తప్పు నాది. మళ్ళీ రండి," అని చెప్పింది. అలా చెప్పడానికి ఎనభై ఎనిమిది పౌన్లు ఎత్తేవాళ్ళకుండే బలం చాలదు.

ఓరెస్ట్ మూల కుర్చీలో టోపీ నలుపుతూ కూర్చున్నాడు. "మేడమ్, మరి నా పరీక్ష? మధ్యలో ఆగిపోయింది కదా."

హెస్టర్ అట్ట తిప్పి చూపించింది. మెట్లు ఎన్ని, అడుగులు ఎన్ని, మంచు మీద ఎక్కడ ఎలా తిరిగాడు, గుండె వేగం ఎంత, అన్నీ రాసి ఉన్నాయి. జారిపడబోతూ కూడా రాసింది.

"నడుం ఒక్కసారి కూడా వంకర పోలేదు. నొప్పి దాచుకుంటే నాకు కనపడేది. సోమవారం పియానోల దగ్గరికి వెళ్ళండి. నోరు మాత్రం మూసుకోకండి."

ఆ సాయంత్రమే హెస్టర్ ఇంకొక కాగితం కూడా నింపి తూకం మిషనుకి అంటించింది. పాత పనికి తిరిగి వెళ్ళరాదు, తేలికపాటి పని మాత్రమే ఇవ్వాలి అని రాసింది. ప్రస్తుతం ఆ మిషను వెనక తలుపు దగ్గర ఉద్యోగం చేస్తోంది.