అటక మీద వల

ఆ ఆదివారం ఉదయం కేశవయ్య చేయదలుచుకున్న పని ఒక్కటే. భార్య నాగేంద్రమ్మ గుడికి వెళ్లగానే అటక మీది మూటను దింపి, ఆటోలో వేసుకుని హైస్కూలు మైదానానికి చేర్చాలి. ఆమె తిరిగొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చోవాలి.

మూటలో ఉన్నది చేపల వల. కొత్తది కాదు. నెల్లూరు వైపు సముద్రంలో ఏళ్ల తరబడి పనిచేసి అలిసిపోయిన అసలు సిసలు వల. రాజంపేటలో కిరాణా కొట్టు నడిపే కేశవయ్య ఊరి సాంస్కృతిక కమిటీకి కార్యదర్శి. ఆ ఏడు, అంటే 2006లో, కమిటీ వాళ్లు కోస్తా పల్లెల కళాకారులను పిలిపించి సముద్రతీర కళల పండుగ జరపాలని తీర్మానించారు. సముద్రం లేని ఊళ్లో ఆ పండుగ చేయాలంటే స్టేజీ వెనక నిజమైన వల వేలాడాల్సిందేనని కేశవయ్యకు తోచింది. ఉప్పు లారీ డ్రైవరుకు చెప్పి తెప్పించాడు. చివరి నిమిషంలో తీసి అందరినీ ఆశ్చర్యపరచాలని కమిటీకి చెప్పలేదు. ఇంట్లో చెప్పకపోవడానికి కారణం వేరు. వాళ్లది వెల్లుల్లి కూడా గడప తొక్కని ఇల్లు. పైగా ఆ అటక పూజగదిని ఆనుకుని ఉన్న గదిలో ఉంది.

నాగేంద్రమ్మ గుడికి పోలేదు. చేతిలో కొబ్బరికాయతో హాల్లోనే ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"ఏమయ్యా, నీచు వాసన వస్తాండాది."

"ఎలకేమన్నా సచ్చినాదేమోలే."

"ఎలక వాసన నాకు తెలీదా? ఇది వేరే. నీకు రాలేదా?"

"నాకు జలుబు," అన్నాడు కేశవయ్య. ఆమె చూపు అటక ఉన్న గది వైపు తిరగడంతో కంగారుపడి, "పక్కింట్లో నుంచేమో," అని నోరు జారాడు.

పక్కిల్లు గురుస్వామిది. ఆయన బట్టల వ్యాపారి, కమిటీ అధ్యక్షుడు, వీళ్లకంటే ఒక మెట్టు ఎక్కువ నిష్ఠాపరుడు. నాగేంద్రమ్మ ప్రహరీ గోడ దగ్గరికి వెళ్లి గట్టిగా పిలిచింది.

"గురుస్వామన్నా, మీ ఇంట్లో ఏం వండుతాండారు?"

"ఉప్మా. ఏమ్మా?"

"ఉప్మాకు ఇంత వాసన రాదే!"

గురుస్వామి ముఖం ఎర్రబడింది. ఆమె వెనక నేల చూపులు చూస్తూ నిలబడిన కేశవయ్య ఆయన కంటపడ్డాడు. కమిటీ ఎన్నికలు దగ్గర పడుతుండగా తన ఇంటి ఉప్మా మీద నింద పుట్టడం ఆయనకు మామూలు సంగతిగా అనిపించలేదు. లోపలికి పోయి కిటికీ తలుపు వేసుకున్నాడు. పూర్తిగా వేయలేదు, ఒక కన్ను పట్టేంత సందు ఉంచాడు.

అంతలో అతిథులు దిగారు. సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చిన కోలాటం జట్టులో నలుగురు ఆడవాళ్లకు కేశవయ్య ఇంట్లో బస. జట్టు పెద్ద రత్నమణి, యాభై ఏళ్ల మనిషి, తాళం వేసి తాడు బిగించిన రేకు పెట్టెను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. నాగేంద్రమ్మ వాళ్లకు మర్యాదగా కాళ్లకు నీళ్లిచ్చి, సరిగ్గా అటక ఉన్న గదినే చూపించింది.

"పెట్టెలో ఏముండాది రత్నమణీ?" అని అడిగింది నాగేంద్రమ్మ, మాటవరసకు అడిగినట్టు.

"మా వస్తువులక్కా. ఆట మొదలయ్యేదాకా తెరవం. మాకది ఆనవాయితీ."

నాగేంద్రమ్మ మనసులో ఉప్మా మీది అనుమానం ఆ క్షణమే మాసిపోయింది. దాని చోటులో రేకు పెట్టె వచ్చి కూర్చుంది.

అతిథులు సర్దుకుంటుండగా ఆమె సాంబ్రాణి పొగ వేసింది. వాసన పోలేదు, మళ్లీ వేసింది. పొగలో ఒకరికొకరు కనబడక ఆ నలుగురూ దగ్గుతూ బయటికొచ్చారు. "ఈ ఊళ్లో చుట్టాలొస్తే దిష్టి ఇట్టా తీస్తారేమో," అని సర్దిచెప్పింది రత్నమణి. గది ఖాళీ అయిందనుకుని కేశవయ్య స్టూలు పట్టుకుని వెళ్లాడు. చేతిసంచి మరిచిపోయి వెనక్కి వచ్చిన ఒకామె ఎదురైంది. "స్క్రూడ్రైవరు కోసరం," అన్నాడు. కాసేపటికి మళ్లీ వెళ్లాడు, ఈసారి రత్నమణే ఎదురైంది. "బల్బు," అన్నాడు. గదిలో ట్యూబ్‌లైటే ఉంది.

"ఈయప్ప చూపులన్నీ పైకే ఉండాయి. గదిలో ఒంటరిగా ఎవరూ ఉండబాకండి," అని ఆమె తన జట్టును హెచ్చరించింది.

ఇంతలో వీధిలోని పిల్లులకు కబురందింది. ఒకటి కిటికీలో, రెండు గుమ్మంలో చేరాయి. నల్లది ఒకటి ఏకంగా రేకు పెట్టె మీదెక్కి, తల పైకెత్తి భక్తిగా మ్యావ్ అంది. ఆ పిల్లి చూస్తున్నది అటకను. నాగేంద్రమ్మ చూసింది పెట్టెను మాత్రమే.

అతిథులు స్టేజీ చూసుకోవడానికి మైదానానికి వెళ్లారు. కార్యదర్శి కాబట్టి కేశవయ్యకు వాళ్ల వెంట వెళ్లి దారి చూపించక తప్పలేదు. మరుక్షణం నాగేంద్రమ్మ పనిమనిషి భీమమ్మను పిలిచింది.

"సాయంత్రం దాకా దీన్ని బయట పెడదాం, పట్టు. గురుస్వామన్న అరుగు మీద గాలి బాగా ఆడుతుంది."

"వాళ్లను అడగొద్దామ్మా?"

"పొద్దున ఉప్మా గురించి అడిగినందుకే మొగం మాడ్చుకున్నాడు. ఇంగ దీని గురించేం అడుగుతాం?"

ఇద్దరూ చప్పుడు కాకుండా పెట్టెను మోసుకెళ్లి పక్కింటి అరుగు మీద పెట్టి వచ్చారు. ఒక్క పిల్లీ పెట్టె వెంట కదల్లేదు. ఆ సంగతి గమనించే తీరిక నాగేంద్రమ్మకు లేదు.

గురుస్వామి భోజనం చేసి బయటికొచ్చాడు. అరుగు మీద తాళం వేసిన, తాడు కట్టిన రేకు పెట్టె. ఆ రోజుల్లో కడప జిల్లాలో అనామకంగా పెట్టె కనబడితే ఎవరికైనా మొదట తోచేది ఒక్కటే. ఆయన కేక కూడా సరిగా వేయలేకపోయాడు.

"బాం... బాంబప్పా!"

వీధి క్షణంలో ఖాళీ అయింది. కూరగాయల బండి ఒక్కటే మిగిలింది. అరగంటలో ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు జీపులో వచ్చారు. గురుస్వామి ఎదురింటి మేడ మీద నుంచే సమాధానాలు చెప్పాడు.

"ఎవరి మీదన్నా అనుమానముందా?" అని కింద నుంచి అడిగాడు ఎస్సై.

"కేశవయ్య మీద సార్!"

"ఎందుకు?"

"పొద్దున్నే మా ఉప్మా మీద పుకారు పుట్టిచ్చినాడు!"

ఎస్సై కాసేపు ఆలోచించి, దాన్ని పట్టించుకోకపోవడమే మేలనుకున్నాడు. నాగేంద్రమ్మ నోరు తెరవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. వీధి వీధంతా చూస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. బాంబును తడిపితే పేలదని ఎవరో మేడ మీద నుంచి సలహా ఇచ్చారు. ఒక కానిస్టేబులు బకెట్టు నిండా నీళ్లు పట్టుకుని, కళ్లు మూసుకుని, పెట్టె వైపు అడుగులు వేశాడు.

"ఆగయ్యా! అది మాది!"

మైదానం నుంచి తిరిగొచ్చిన రత్నమణి మనుషుల్ని తోసుకుంటూ వచ్చి పెట్టెకు అడ్డం నిలబడింది. ఆనవాయితీ సంగతి పక్కన పెట్టి అందరి ముందూ తాళం తీసింది. పట్టు పావడాలు, రంగు కోలలు, గవ్వల దండలు, పసుపు గుడ్డలో చుట్టిన వాళ్ల గంగమ్మ పటం. గుప్పుమని గంధం వాసన వచ్చింది.

"ఇది ఈడికెట్టా వచ్చింది?" అందామె.

నాగేంద్రమ్మ ముందుకొచ్చింది. తల ఎత్తలేదు. "నేనే పెట్టిచ్చినా. ఇంట్లో నీచు వాసన వస్తాంటే... మీరు ఎండుచేపలు తెచ్చినారనుకున్యా."

రత్నమణి పావడాలను తిరిగి మడతపెట్టి, పెట్టె మూసింది.

"చేపలు మాకు అన్నం పెడతాయక్కా. దాచుకోవాల్సినంత తప్పు పని కాదది. తెచ్చుంటే నీకు చెప్పే తెచ్చుందును. వద్దంటే బయటే ఉంచుందును." ఆమె తన వాళ్ల వైపు తిరిగింది. "పదండే, బస్టాండుకు పోదాం."

కేశవయ్య గుంపు వెనక గోడకు అతుక్కుని ఉన్నాడు. ఇప్పుడు కూడా మాట్లాడకపోతే ఎవరికీ తెలియదు. వాసన సాయంత్రానికి ఎలాగూ పోతుంది. పండుగ ఆగిపోతే నింద గురుస్వామి మీద వేయవచ్చు. ఇవన్నీ ఆయనకు వరుసగా తోచాయి. కానీ ఆ నలుగురు ఆడవాళ్లు తలలు వంచుకుని చెప్పులు వెతుక్కోవడం చూసేసరికి కాళ్లు వాటంతటవే ముందుకు నడిచాయి.

"పోవద్దండమ్మా. ఆ వాసన మీది కాదు. మాది. మా అటకది."

"ఏందయ్యా నువ్వనేది?" అంది నాగేంద్రమ్మ.

చెప్పే ధైర్యం లేక చూపించడానికే సిద్ధపడ్డాడు. ఎస్సై, గురుస్వామి, అతిథులు, వీధిలో సగం మంది వెంట రాగా గదిలోకి వెళ్లి స్టూలెక్కాడు. అటక మీద పిల్లులు అప్పటికే మూటను విప్పి ఉన్నాయి. కేశవయ్య ఒక కొస పట్టుకుని లాగాడు. వల, దాంతోబాటు రెండు పిల్లులు, ఆయన మీదికి వచ్చిపడ్డాయి. స్టూలు జారింది. పట్టుకోబోయిన గురుస్వామి కూడా వలలోకే వచ్చాడు. ఆయన చేయి ఒక కన్నంలో, కేశవయ్య కాలు ఇంకో కన్నంలో, మధ్యలో పిల్లి.

"కదలబాకండయ్యా, ఇంకా బిగుసుకుంటుంది," అంటూ వచ్చింది రత్నమణి. ముడులు విప్పుతూ విప్పుతూ ఒకచోట ఆగిపోయింది. పెదవి బిగబట్టింది. లాభం లేకపోయింది. ఆమె నవ్వు మొదలుపెట్టగానే జట్టు మొత్తం గోడలకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది. ఎస్సై టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లాడు.

నాగేంద్రమ్మ నవ్వలేదు. రత్నమణి రెండు చేతులూ పట్టుకుంది.

"తప్పు నాదే. అడిగుంటే సరిపోయేది. మనసులోనే తీర్పు చెప్పుకున్యా. పోతామంటే మాత్రం నేను అడ్డం పండుకుంటా."

రత్నమణి ఆమె చేతులు వదలకుండానే వంటగది వైపు నడిపించింది. "ఆకలేస్తుండాదక్కా. ముందు అన్నం పెట్టు, పోయేది తర్వాత చూద్దాం."

ఆ మధ్యాహ్నం నాగేంద్రమ్మ వడ్డించడమే కాదు, వాళ్ల పక్కన కూర్చుని తింది. సాయంత్రం హైస్కూలు మైదానంలో ఇసకేస్తే రాలనంత జనం. సగం మంది కోలాటం కోసం వచ్చారు, మిగతా సగం బాంబు కథ విని వచ్చారు. స్టేజీ వెనక వల నిండుగా వేలాడింది. దాని ముందు ఆ ఆడవాళ్లు కోలలు తిప్పుతుంటే రాజంపేట జనం ఈలలు వేశారు. ముందు వరస వాళ్లు మాత్రం అప్పుడప్పుడు ముక్కు మూసుకున్నారు.

ఆట ముగిశాక రత్నమణి మైకు అందుకుంది. కేశవయ్య కండువా సర్దుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"ఎన్నో ఊళ్లల్లో ఆడినాం. మా వలను పూజగది పక్కన పెట్టుకున్న ఇల్లు ఈ ఊళ్లోనే చూసినాం," అందామె. ఆమె కళ్లలో కొంటెతనం ముందు వరసకు కనిపించింది. "ఆ ఇల్లాలు నాగేంద్రమ్మక్క. పైకి రాక్కా!"

చప్పట్లు మోగాయి. కాదనడానికి నాగేంద్రమ్మకు వీల్లేకపోయింది. ముందు వరసలో బంధువర్గమంతా నోళ్లు తెరిచి చూస్తోంది. ఆమె స్టేజీ ఎక్కి, శాలువా కప్పించుకుని, మైకులో తొణక్కుండా చెప్పింది.

"సముద్రం కూడా గంగమ్మే కదా. ఆ వల మన ఇంట్లో ఉంటే మంచిదని నేనే తెప్పిచ్చినా."

తరువాత వచ్చిన కమిటీ ఎన్నికల్లో నాగేంద్రమ్మ ఏకగ్రీవంగా అధ్యక్షురాలైంది. అనుభవజ్ఞుడని కేశవయ్యను కూడా వదులుకోకుండా, కుర్చీలు మోయించే పని ఆయనకు అప్పగించారు.