గేటు ముందు లేని కారు

ఆ రోజు ఉదయం అతను వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మొదటి మీటింగులోనే కారు బొమ్మను కంపెనీవాళ్లకు చూపించి సరే అనిపించుకోవాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి మామగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంతకన్నా చిన్న కోరికలున్న మనిషి ఆ వీధిలో ఇంకొకడు ఉండడు.

అతను పనిచేసేది ప్రకటనలు తయారుచేసే ఒక స్టూడియోలో. ఇంకా ఫ్యాక్టరీలో పుట్టని కార్లను కంప్యూటర్లో పుట్టించి, మామూలు ఫోటోల్లోకి తెచ్చి నిలబెట్టడం అతని పని. కారును తయారుచెయ్యడం ఒక ఎత్తు, దాన్ని నేలమీద ఆనించడం ఒక ఎత్తు. టైరు కింద నీడ రవ్వంత పలచబడితే కారు గాల్లో తేలుతుంది. రవ్వంత చిక్కబడితే తారులో కూరుకుపోతుంది. ఈ నీడల గురించి అన్నం మానేసి మరీ వాదిస్తాడు గనక ఆఫీసులో అందరూ అతన్ని నీడలాయన అని పిలుస్తారు. రోడ్డు పక్కన ఆగిన ప్రతి కారు కిందికీ వంగి చూసే అలవాటువల్ల వీధి కుక్కలకు కూడా అతనంటే అనుమానమే.

ఈసారి కారు ఎర్రది. వెనకాల దృశ్యం కోసం ఊరంతా తిరిగే ఓపిక లేక, తాను అద్దెకుంటున్న ఇంటినే పొద్దుటి లేత వెలుతురులో ఫోటో తీసుకున్నాడు. గేటు, పెచ్చులూడిన గోడ, కింది వాటాలో తన కిటికీ, పైన ఇంటి ఓనరుగారి వరండా అన్నీ అందులో ఉన్నాయి. గేటు ముందు కారును నిలబెట్టి, చక్రాలకు కాస్త దుమ్ము పూసి, అద్దం మీద ఆకాశాన్ని పరిచి, వారాల తరబడి దానికి సేవ చేశాడు. చివరికి ఆ బొమ్మ అతనికే నచ్చింది. మీటింగు గదిలోకి వెళ్లేముందు ఆ సంతోషం పట్టలేక దాన్ని భార్యకు ఫోన్లో పంపి, కింద "ఎలా ఉంది?" అని రాశాడు. కొంప మునిగింది అక్కడే.

ఆమె అప్పుడు ఆఫీసుకు వెళ్లే బస్సులో ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను తెరిచింది. తన ఇల్లు. తన గేటు. ముందు మెరిసిపోతున్న ఎర్ర కారు.

"నిజమా?" అని రాసింది.

అతని గుండె ఉప్పొంగింది. "నువ్వే నమ్మలేకపోతున్నావంటే నా కష్టం ఫలించినట్టే!" అని జవాబిచ్చాడు.

"నాతో ఒక్క మాటైనా అనలేదే!"

"ఇంకా బయటపెట్టకూడదు. ఎవరికీ చెప్పకు" అని రాసి, ఫోను కట్టేసి లోపలికి వెళ్లిపోయాడు.

ఎవరికీ అన్న మాటలోకి కన్నతండ్రి రాడని ఆమె నమ్మకం. బస్సు దిగగానే ఇంటికి ఫోన్ చేసింది. "నాన్నా, ఒకసారి గేటు దగ్గరికెళ్లి చూడు. ఆయన కారు కొన్నారు!"

మామగారికి కంటి ఆపరేషన్ అయినప్పటినుంచీ చూపు మహా వాడిగా తయారైంది. ఎదురింటి గోడమీద చీమ పాకినా చెప్పేస్తున్నారు. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దగ్గరికి పరుగెత్తి, అటు చూసి, ఇటు చూసి, "అమ్మాయ్, ఇక్కడ కారేం లేదే!" అన్నారు.

"సరిగ్గా చూడు నాన్నా. ఇప్పుడే ఫోటో పంపారు."

"చీమ కనిపించే కంటికి కారు కనిపించదటే? ఎవడో ఎత్తుకుపోయాడమ్మా!"

ఆ కేకకు పై వాటాలోంచి ఓనరుగారు దిగివచ్చారు. కూతురు పంపిన ఫోటోను మామగారు ఆయన ముఖం ముందు పెట్టారు. పొద్దున ఓనరుగారు చూసింది తన పళ్లపొడిని మాత్రమే. కానీ సొంత గేటు ముందు ఇంత కారు నిలబడితే గమనించలేదని ఒప్పుకోవడానికి ఆయనకు మనసు రాలేదు.

"ఇదా! పొద్దున్నే చూశాను. గేటుకి అడ్డంగా పెట్టారు. దిగివచ్చి నాలుగు దులిపేద్దామనుకునేలోగా స్టార్టు చేసుకుని పోయింది. నేను మీ అల్లుడుగారే అనుకున్నా!"

అంతే, సాక్షి దొరికాడు. ఫోటో వీధివాళ్ల ఫోన్లలోకి ఎక్కింది. "ఈ కారు ఎక్కడైనా కనిపిస్తే తెలియజేయగలరు" అన్న మాటతో పక్క వీధికి వెళ్లింది, అక్కణ్ణుంచి పోలీస్ స్టేషనుకు వెళ్లింది.

ఇక్కడ మీటింగు గదిలో కార్ల కంపెనీ నుంచి వచ్చిన ఆఫీసరు అదే బొమ్మను తెరమీద చూస్తూ పెదవి విరిచాడు. "ఏమోనండీ, కంటికి ఆనడం లేదు. అక్కడ నిజంగా కారుందంటే చిన్నపిల్లలు కూడా నమ్మరు."

"ఒక్కసారి టైరు కింద నీడ చూడండి సార్" అన్నాడు నీడలాయన.

"నీడ బానే ఉంది. కారే లేదు."

మేనేజరు ఆ మాటకు తలూపాడు. ఆ తలూపుడు అతని ఉద్యోగాన్ని కూడా ఊపినట్టయింది. బయటికొచ్చి ఫోను తెరిస్తే సందేశాలు కుప్పలు. బావమరిది "శుభాకాంక్షలు బావా" అన్నాడు. దాని కిందే వాడిదే ఇంకొకటి: "ధైర్యంగా ఉండు బావా". ఏమీ అర్థంకాక, ఆదరాబాదరా ఇంటికి పరుగెత్తాడు.

ఇంటిముందు జనం. మధ్యలో ఇన్‌స్పెక్టరు, అతని చేతిలోని ఫోన్లో ఎర్ర కారు. కారు ఏ మూలనుంచి ఏ మూలదాకా నిలబడిందో ఓనరుగారు కాలితో గీసి చూపిస్తున్నారు. సెలవుపెట్టి వచ్చేసిన భార్య మెట్లమీద చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

"అయ్యో, ఆ కారు లేదండీ!" అన్నాడు నీడలాయన.

"లేదనే కదయ్యా కంప్లైంటు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అది కాదు సార్, అసలు లేదు. అది బొమ్మ. నేను చేశాను."

"షాకులో ఉన్నాడు. కాసిని మంచినీళ్లివ్వండి."

నీళ్లు తాగించారు. తాగాడు. లాప్‌టాప్ తెచ్చి గోడమీద పెట్టి, అందరూ చూస్తుండగా ఒక్క నొక్కు నొక్కాడు. బొమ్మలోంచి కారు మాయమై ఖాళీ రోడ్డు మిగిలింది.

"చూశారా?" అన్నాడు ఆశగా.

"చూశాం. సాక్ష్యాన్ని మా ముందే చెరిపేశావు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అతను గాభరాగా కారును మళ్లీ తెప్పించాడు. అప్పుడే మామగారు మెడ ముందుకు చాచి, "ఆ కారు తలుపు మీద ఆడమనిషి నీడ ఉందేమిటి అల్లుడుగారూ?" అన్నారు. మెట్లమీదనుంచి భార్య లేచి వచ్చింది. నిజమే. గొడుగు పట్టుకుని ఒకావిడ లీలగా నిలబడి ఉంది.

"ఎవరీమె?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా ఆఫీసులో లైటింగు చూసే ఆవిడ."

"అంటే మీ ఇంటికొచ్చిందా?"

"రాలేదండీ. ఆవిడ మా ఆఫీసు డాబా మీద ఉంది."

"మీ ఇంటి ముందున్న కారులో మీ ఆఫీసు డాబా ఎలా కనిపిస్తుందయ్యా?"

"కారుకు మెరుపు రావాలంటే, దానిమీద ప్రతిబింబం పడటానికి చుట్టూ ఏదో ఒకటి ఉండాలి సార్. డాబా మీద నాలుగు వైపులా ఫోటో తీసి కారు చుట్టూ చుట్టేశాను. ఆవిడ అందులో పడిపోయింది. నేను చూసుకోలేదు."

"అవునవును, చూసుకోలేదు" అంది భార్య. ఆ అవునవునే అతన్ని భయపెట్టింది.

ఇక లాభం లేదనుకుని అతను కారును మౌసుతో పట్టుకుని, పైకెత్తి, ఓనరుగారి వరండాలో పెట్టాడు.

"దించండి! దించండి! స్లాబు కూలిపోతుంది!" అని ఓనరుగారు గావుకేక పెట్టారు.

అప్పుడు ఇన్‌స్పెక్టరుకు అర్థమైంది. లాప్‌టాప్ వంకా, ఓనరుగారి వంకా చూసి, "మరి పొద్దున తమరు చూసిందేమిటి?" అన్నాడు. ఓనరుగారికి పొయ్యిమీద పాలు గుర్తొచ్చాయి. గబగబా మేడెక్కేశారు. పోలీసుల పని ఎంత విలువైనదో ఇన్‌స్పెక్టరు నీడలాయనకు వీధంతా వినేలా చెప్పి వెళ్లిపోయాడు. జనం కూడా ఏదో పోగొట్టుకున్నట్టు ముఖాలు పెట్టుకుని చెదిరిపోయారు.

భార్య మళ్లీ మెట్లమీద కూర్చుంది. అతను రెండు మెట్లు కిందుగా కూర్చుని, "గొడుగావిడ గురించి..." అని మొదలుపెట్టాడు.

"గొడుగూ లేదు, గాడిదగుడ్డూ లేదు" అందామె. "బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు చెప్పానండీ, ఇక రేపట్నుంచి నేను రానని. చెయ్యి కూడా ఊపాను. అతను హారను కొట్టాడు. రేపు పొద్దున మళ్లీ అదే బస్సెక్కి ఏ మొహం పెట్టుకుని టికెట్టడగను?"

అతను ఎన్ని కార్లకు ప్రాణం పోశాడో లెక్కలేదు, ఒక్కదాంట్లోనూ ఆమెను కూర్చోబెట్టలేకపోయాడు. ఆమె లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కంటి డాక్టరు ఇచ్చిన టైము దాటిపోయింది. మామగారు గోడవైపు తిరిగి పడుకుని, "నా కళ్లు బాగానే ఉన్నాయి. మనుషుల్నే పోల్చుకోలేకపోతున్నా" అని గోడతో అన్నారు.

సాయంత్రం మేనేజరు ఫోన్ చేశాడు. విడుదల కాని కారు బొమ్మ ఊళ్లో ప్రతి ఫోన్లోనూ తిరుగుతోంది. ఇక తన సంగతి అయిపోయిందని నీడలాయన కళ్లు మూసుకుని ఫోనెత్తాడు.

"కంపెనీవాళ్లు ఎగిరి గంతేస్తున్నారయ్యా!" అన్నాడు మేనేజరు. "పోలీసులే కారుకోసం వెతికారంటే ఇంకేం కావాలన్నారు. పొద్దున పెదవి విరిచినాయనే ఇప్పుడు, కారు నూటికి నూరుపాళ్లు నిజంలా ఉందంటున్నాడు. వెనకాల ఇల్లు మాత్రం మార్చాలట. అది మరీ కంప్యూటర్లో గీసినట్టుందట, మనుషులు కాపురముండే ఇల్లులా అనిపించడం లేదట."

ఆ ఇంట్లో మధ్యాహ్నం నుంచీ అతనితో మాట్లాడుతున్నవాళ్లెవరూ లేరు కనుక, నీడలాయన వాదించకుండా సరే అన్నాడు.