కొండెక్కిన చేపల ఫ్యాక్టరీ

చేపల ఫ్యాక్టరీని సముద్రం ఒడ్డున పెట్టడం చేతకానివాళ్ల పని అని గవర్నర్ అనక్లెతో గారు కొండమీది బలితోక్ ఊరి మైదానంలో ప్రకటించారు.

"సముద్రం పక్కన చేప ఉంటుంది. అక్కడ ఫ్యాక్టరీ పెట్టడానికి నాయకుడెందుకు? చేప లేనిచోట పెట్టడానికే నాయకుడు కావాలి" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

బలితోక్‌లో మబ్బులు కిటికీలోంచి వంటింట్లోకి వస్తాయి గాని చేపలు రావు. ఎన్నికల్లో నెగ్గాల్సిన గవర్నర్ గారికి అక్కడ ఓట్లు మాత్రం దండిగా ఉన్నాయి. కింద రేవు పట్నంలో చేపలు దండిగా ఉన్నాయి, ఓట్లు లేవు. ఒక పారిశ్రామిక ప్రణాళికకు ఇంతకన్నా గట్టి పునాది దొరకదు.

మేనేజరుగా దెయోదాతోని రేవు నుంచి పిలిపించారు. అతను సగం జీవితం సార్డీన్ చేపల మధ్య గడిపినవాడు. అతని పాత ఫ్యాక్టరీకి, పడవ దిగిన చేప కావాలంటే నడిచి వెళ్లిపోగలదు. తలుపు మీద తన పేరుతో బోర్డు ఉంటుందంటే మురిసిపోయి కొండెక్కాడు. ఎక్కాక ఆలోచించాడు.

"గవర్నర్ గారూ, చేపతో పాటు ఐసు ఎక్కించాలి. పారేసే తలకాయలూ తోకలూ కూడా ఎక్కించాలి. డబ్బాలో పడేది సగమే. అమ్మడానికి ఆ డబ్బాల్ని మళ్లీ రేవుకే దించాలి. రవాణా ఖర్చు..."

"ఏం, తలకాయలు కొండ చూడకూడదా?"

"అది కాదండీ."

"నువ్వు తీరం వాడివి. నీకు కొండవాళ్లంటే చిన్నచూపు."

దెయోదాతోకి కొండవాళ్లంటే చిన్నచూపు లేదు. ఆ రోడ్డు మలుపులంటేనే భయం.

ఫ్యాక్టరీకి స్థలమిచ్చింది ఫెలిసితాస్, ఆమె ఇరుగుపొరుగు ఆడవాళ్లు. క్యాబేజీ మళ్లలో చదునైన మేరంతా ఇచ్చేసి, బదులుగా ఉద్యోగాలు తీసుకున్నారు. తెల్ల టోపీలు, రబ్బరు బూట్లు వేసుకుని మొదటి లారీ కోసం వరసగా నిలబడ్డారు. ముందు వాసన వచ్చింది. వాసన వెనక ఊరి కుక్కలొచ్చాయి. ఆ తర్వాత లారీ వచ్చింది.

ఫెలిసితాస్ లోపలికి తొంగిచూసి ముక్కు మూసుకుంది. "మేనేజర్ గారూ, ఇది చేపా, చేప జ్ఞాపకమా?"

"దారిలో మట్టి జారి లారీ ఆగిపోయిందక్కా. ఐసు కరిగిపోయింది."

"మాకు చెప్పిన ఉద్యోగం డబ్బాలు నింపడం. పాతిపెట్టడం కాదు."

అయినా పాతిపెట్టారు. ఫ్యాక్టరీలో సేంద్రియ ఎరువుల విభాగం కూడా ప్రారంభమైందని గవర్నర్ కార్యాలయం పత్రికలకు తెలియజేసింది.

"ఇది మూతపడితే నా కోడలికి మొహం చూపించలేను. మడి ఇచ్చేద్దామన్నది నేనే" అంది ఫెలిసితాస్, చేతులు కడుక్కుంటూ. ఆ మాట దెయోదాతోకి ముల్లులా దిగింది. వండి డబ్బాలో పెట్టిన చేప కుళ్లదు కదా అని అప్పుడు తోచింది. రేవు ఫ్యాక్టరీలో తయారైన డబ్బాలనే కొని పైకి తెప్పించాడు. ఆడవాళ్లు వాటిని తెరిచి, చేపల్ని బలితోక్ డబ్బాల్లోకి మార్చి, మూతలు బిగించి, మళ్లీ రేవుకు పంపసాగారు.

ఈ సంగతి చెప్పడానికి అతను తల దించుకుని వెళ్లాడు. గవర్నర్ గారు లేచి కౌగిలించుకున్నారు.

"ఐసు లేదు, తలకాయల్లేవు. రవాణా ఖర్చు సగం కోసేశావు. దీన్నేమంటారు?"

"మోసం అంటారండీ."

"ఇంగ్లీషులో?"

"తెలీదండీ."

"టిన్ టు టిన్ టెక్నాలజీ" అన్నారు గవర్నర్ గారు.

ఆ టెక్నాలజీ కీర్తి రాజధాని మనీలా దాకా పాకింది. పరిశ్రమల మంత్రి స్వయంగా వస్తానన్నారు. ఆయన మెచ్చితే ఫ్యాక్టరీ ఉంటుంది, లేకపోతే తాళం. ఆ వారమంతా వాన కురిసి రోడ్డు లోయలోకి జారిపోయింది. డబ్బాల లారీ కింద ఆగిపోయింది. మంత్రి గారు మాత్రం హెలికాప్టర్లో బయల్దేరారు.

"డబ్బాలు నింపెయ్" అన్నారు గవర్నర్ గారు ఫోన్లో.

"దేంతోనండీ?"

"అది టెక్నికల్ విషయం. నన్నడక్కు."

దెయోదాతో టోపీ తీసేశాడు. "మంత్రి గారికి ఉన్నదున్నట్టు చెప్పేస్తానక్కా."

"చెప్పేసి మీరు రేవుకు పోతారు. మేమెక్కడికి పోవాలి?" అంది ఫెలిసితాస్.

అతను మళ్లీ టోపీ పెట్టుకున్నాడు. ఆడవాళ్లు బుట్టలు తీసుకుని కంచె దాటి మిగిలిన మళ్లలోకి పోయారు. నిండు బుట్టలతో వచ్చారు. క్యాబేజీ చేప పొడుగున తరిగారు, టమాటా, మిరపకాయ వేసి, వెనిగర్ పోసి ఉడికించారు. సరుకు కంచె అవతల నుంచి నెత్తిమీదే వచ్చేస్తోంది. ఫ్యాక్టరీ కట్టాక మొట్టమొదటిసారి యంత్రాలన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా నడిచాయి. దెయోదాతో భయం మరిచిపోయి బెల్టు పక్కన డబ్బాలతో పోటీపడి పరిగెత్తాడు. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఫెలిసితాస్ మూతలు బిగిస్తూ నవ్వాపుకోలేక కూలబడింది.

మంత్రి గారు ఒక ముక్క నోట్లో వేసుకున్నారు.

"ముల్లేదీ?"

"తీసేశాం సార్" అన్నారు గవర్నర్ గారు.

"నీచువాసన?"

"అది రేవువాళ్ల అలవాటు సార్."

మంత్రి గారు అన్నం తెప్పించుకుని రెండో డబ్బా తెరిపించారు. "ఎన్నో దేశాలు తిరిగాను. ఇలాంటి చేప ఎక్కడా తినలేదు."

"అంతా స్థలం ఎంపికలో ఉంది సార్."

దెయోదాతో నోరు తెరవబోయాడు. ఫెలిసితాస్ రబ్బరు బూటుతో అతని కాలు తొక్కింది.

మంత్రి గారు చెయ్యి తుడుచుకుని మైకు ముందుకు వెళ్లారు. చేపల నాణ్యత దృష్ట్యా రేవులోని ఫ్యాక్టరీలన్నిటినీ ఏడాదిలోగా బలితోక్‌కు తరలిస్తున్నామని ప్రకటించారు. వాటి స్థలం కోసం ఊళ్లో మిగిలిన క్యాబేజీ మళ్లన్నీ ప్రభుత్వం తీసుకుంటుందన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చోబెట్టారు కాబట్టి ఫెలిసితాస్ కూడా కొట్టింది. ఆమె చేతులకంటిన టమాటా ఇంకా ఆరలేదు.