రామలింగం తాత ఎక్కిన ఓడ

ఆదివారం ఉదయం విశ్వేశ్వరరావుగారి పథకం చాలా చిన్నది. పదింటికల్లా ఎల్బీ నగర్ ఫంక్షన్ హాలుకు చేరాలి, కూతురు అమల నిశ్చితార్థానికి ముందు స్టేజీ పక్కన వంశవృక్షం ఫ్లెక్సీ కట్టించాలి, కాబోయే వియ్యంకుడి ముందు రెండు ముక్కలు మాట్లాడాలి. ఆ రెండు ముక్కలకే మూడేళ్ళు కష్టపడి పాత ఓడ ప్రయాణికుల రికార్డు తెప్పించారు పాపం. ముత్తాత రామలింగం 1887లో మారిషస్ వెళ్ళి స్థిరపడ్డాడు. అందరిలా కూలి ఒప్పందం మీద కాదు, సొంత టిక్కెట్టు కొనుక్కుని, దర్జాగా. వనస్థలిపురంలో ఈ సంగతి విని పారిపోని మనిషి లేడు.

ఫ్లెక్సీ కొట్టిన భిక్షపతి దాన్ని దిల్‌సుఖ్‌నగర్ నుంచి తానే తెచ్చి కట్టాడు. "జర చూస్కోండి సార్. మారిషస్ తమ్ముడి ఫోటో గూడ పెట్టిన."

ఆ తమ్ముడు అక్కడి రామలింగం మునిమనవడు. సాక్ష్యం ఘనంగా ఉంటుందని విశ్వేశ్వరరావు అందరి ముందూ అతనికి వీడియో కాల్ చేశారు. అతను తెల్లబట్టల్లో కనిపించి, గురువారం మా నాన్న పోయారని ఇంగ్లీషులో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

పురోహితుడు శ్రీరామమూర్తిగారు ఫ్లెక్సీ మీద కొమ్మలు లెక్కపెట్టారు. "దాయాదులేనండి. మీకు పదిరోజుల మైల. తాంబూలాలు కుదరవు."

"వాళ్ళెక్కడో సముద్రం అవతల ఉన్నారండీ."

"మైలకి సముద్రం అడ్డం కాదు. మనవాళ్ళేనని రుజువు చేసింది తమరే కదా."

రేపటి నుంచి మూఢం, మూడు నెలలు ముహూర్తాల్లేవు. వియ్యంకుడి మొహం మాడిపోయింది. అమల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముత్తాతని తవ్వొద్దని చెప్పానా లేదా?" అంది భార్య ఉదయలక్ష్మి. "ఇప్పుడు పూడ్చండి."

విశ్వేశ్వరరావు తడబడలేదు. అవునని నిరూపించినవాడు కాదని నిరూపించలేడా? ఆ ఓడ రికార్డు మీద ముద్రే సరిగా లేదన్నారు.

"పొద్దుగాల అసలుదే అంటిరి గద సార్?" అన్నాడు భిక్షపతి.

ముందు వరసలో కూర్చున్న తల్లి కోటేశ్వరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఓడ వెళ్ళింది ఎనభై ఏడులో, మీ తాత పుట్టింది తొంభైలో. నీ అట్టమీదే ఉంది కదరా. ఎలా పుట్టాడనుకున్నావు?"

హాలంతా ఫ్లెక్సీ వైపు తిరిగింది.

"రామలింగం తాత ఓడెక్కలేదు. ఓడని చూడగానే కడుపులో తిప్పిందట. టిక్కెట్టు పక్కింటి అప్పన్నకిచ్చి ఎద్దుబండి మీద ఇంటికొచ్చేశాడు. అప్పన్న ఈయన పేరుతోనే వెళ్ళి, ఆ పేరుతోనే అక్కడ బతికాడు. మా అత్తగారు చెప్పి చెప్పి నవ్వేది."

"మరి మూడేళ్ళుగా చెప్పలేదేమ్మా?"

"నువ్వు అడిగితే కదా. చెబుతూనే ఉన్నావు."

"అయితే వాళ్ళ వంశం వేరు, మైల లేదు," అన్నారు శ్రీరామమూర్తిగారు. "కానీ వాళ్ళు మనవాళ్ళేనని ఇందాక మీరన్నది అందరూ విన్నారు. ఇదీ మీ నోటితోనే అందరికీ చెప్పండి."

విశ్వేశ్వరరావు అమల వైపు చూశారు. మూడేళ్ళ కష్టం స్టేజీ పక్కనే వేలాడుతోంది. అయినా మైకు అందుకున్నారు. "మా ముత్తాత ఏ దేశమూ వెళ్ళలేదు. ఓడను చూసి భయపడి ఇంటికి వచ్చేశాడు."

వియ్యంకుడు లేచి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "ఆయన భయపడబట్టే కదా బావగారూ, ఇవాళ మా ఇంటికి ఈ పిల్ల వస్తోంది."

తాంబూలాలు మార్చుకున్నారు, భోజనాలు బాగా జరిగాయి. సోమవారం నుంచి విశ్వేశ్వరరావు భార్య తరఫు వంశం వెతకడం మొదలుపెట్టారు. అటువైపు దూరపువాళ్ళు ఎవరు పోయినా ఆయనకు మైల లేదు.