రెండూ ఎడమ రెక్కలే

పట్టిన పట్టు విడవడమన్నది కళ్లజోళ్ల షాపాయన జాతకంలోనే లేదు. అందుకే చుట్టాలందరూ ఆయన్ని ఉడుంపట్టు అంటారు. చాటుగానే లెండి. మొహమ్మీద అనే హక్కు ఇల్లాలికొక్కదానికే ఉంది.

ఈసారి ఆ పట్టు ఒక బొమ్మ విమానం మీద పడింది. పైన ఒక జత, కింద ఒక జత రెక్కలుండే పాతకాలపు విమానం. ముక్కలుగా పెట్టెలో వస్తుంది, మనమే అతికించుకోవాలి. అయితే అందులో ఒక్కడికే చోటు. ఉడుంపట్టుకేమో ఇద్దరు కూర్చునేది కావాలి. దానికి విడిగా కన్వర్షన్ కిట్టు ఉంటుందని తెలిసి, తెప్పించాడు. పాత రెక్కలు కోసేసి, కిట్టులోని కొత్త ఒళ్లూ కొత్త రెక్కలూ తగిలిస్తే సరి.

"ఒక్కడు కూర్చుంటే వచ్చిన లోటేమిటండీ?" అంది భార్య. ఆవిడ బళ్లో లెక్కల టీచరు.

"వెనక సీట్లో నువ్వు కూర్చోవద్దూ?"

"నేను ముందు అన్నానికి కూర్చోవాలి. బల్ల ఖాళీ చెయ్యండి."

అసలు గొడవంతా అదే. విమానం భోజనాల బల్ల మీద దిగిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో కూర్చుని తిన్నవాళ్లు లేరు. టీచరమ్మ వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటోంది. ఆయన తల్లి సోఫాలో కంచం ఒళ్లో పెట్టుకుంటోంది. ఆయనేం తింటున్నాడో ఆయనకే తెలీదు. ఓ రోజు రంగు కుంచెలు కడిగిన నీళ్లు గటగటా తాగేసి, ఇవాళ నీళ్లు కాస్త చిక్కగా ఉన్నాయన్నాడు.

చివరికి ఒప్పందం కుదిరింది. ఆదివారం భోజనాల వేళకి విమానం పూర్తయితే బల్ల శాశ్వతంగా ఆయనది. కాకపోతే ఆయనా, ఆయన జిగురు సీసాలూ బాల్కనీలోకి.

"తర్వాత మాట మార్చకూడదు సుమా!" అన్నాడు.

"మాట మార్చడం మా ఇంటావంటా లేదు. మీ సంగతే చూసుకోండి."

కిట్టులోని కాగితం మొట్టమొదట పాత రెక్కలు కోసెయ్యమంది. ఉడుంపట్టు భక్తిగా కోసేశాడు. ఆ తర్వాత తీరిగ్గా కొత్త రెక్కల పొట్లం విప్పాడు. పై రెక్కలు రెండూ ఎడమవే. కింది రెక్కలు రెండూ ఎడమవే. కుడిపక్కకంటూ ఆ కంపెనీవాళ్లు పుల్లముక్క కూడా వెయ్యలేదు.

"రెక్కలన్నీ ఒకే పక్కనున్న పక్షిని నేనెక్కడా చూళ్లేదురా నాయనా," అంది తల్లి, సోఫాలోంచి.

"ఇది పక్షి కాదమ్మా, విమానం!"

"అయితే మరీ భయంరా."

కంపెనీకి ఫోన్ చేస్తే, కుడి రెక్కలు పార్శిల్లో పంపుతాం, కాస్త ఓపిక పట్టమన్నారు. ఓపిక పట్టడానికి ఆదివారం ఆగుతుందా? ఒక ఎడమ రెక్కని తిరగేసి కుడిపక్క పెట్టి చూశాడు. పైకి ఉండాల్సిన ఉబ్బు కిందికి తిరిగింది. వేడినీళ్లలో ముంచి వంపు మార్చబోయాడు. రెక్క ఎండుటాకులా చుట్టుకుపోయింది. ఆ కంగారులో జిగురు సీసా ఒలికి చొక్కా చెయ్యి బల్లకి అతుక్కుంది. టీచరమ్మ కత్తెర తెచ్చి భర్తనీ బల్లనీ విడదీసింది.

"ఇక చాలించకూడదూ?"

"ప్రాణం పోయినా సరే!" అన్నాడాయన, ఒంటిచేతి చొక్కాతో.

ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుంటూండగా ఆయనకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అద్దం! షాపులో అద్దం చూపించి ఎలాంటి మొహాన్నైనా ఒప్పించేది తనే కదా! కుడిపక్క జోలికి పోకుండా, విమానం ఎడమ సగం మాత్రం చక్కగా అతికించాడు. పై రెక్క మీద అంకెలు కూడా దిద్దాడు. దాన్ని తీసుకెళ్లి పడగ్గదిలోని నిలువుటద్దానికి ఆనించి నిలబెట్టాడు. సగం విమానం బయట, సగం అద్దంలో. గుమ్మంలోంచి చూస్తే నిండు విమానం. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. తన తెలివి మీద తనకే అంత ముచ్చటేసింది.

"ఏమోయ్! పూర్తయింది, వచ్చి చూసుకో! దగ్గరికి మాత్రం రాకు, రంగు తడి ఆరలేదు."

టీచరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. చాలాసేపు చూసింది.

"అద్భుతంగా ఉందండీ. నేనే ఓడిపోయాను. బల్ల ఇక మీ సొంతం."

ఉడుంపట్టు గుండె పొంగిపోయింది. పెళ్లయ్యాక ఆవిడ ఓడిపోయానన్న మాట వినడం ఇదే మొదలు. ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. ఆవిడ వెళ్లి, చేతిలో ఒక పార్శిల్‌తో తిరిగొచ్చింది.

"పార్శిల్ వచ్చింది. విమానం ఎలాగూ పూర్తయిందిగా, ఇంకెందుకు మనకిది? తెచ్చినాయన గుమ్మంలోనే ఉన్నాడు, వెనక్కి పంపించేస్తా."

"వద్దు!" ఉడుంపట్టు ఒక్క గెంతు గెంతాడు. "కొంప ముంచకే! అవి కుడి రెక్కలు! అవి లేకపోతే నా విమానం జన్మలో పూర్తి కాదు!"

అవతల సోఫాలో తల్లి నవ్వు ఆపుకోలేక దగ్గుతోంది.

"మరి ఆ కనబడేవో?" అంది టీచరమ్మ, అద్దం వైపు చెయ్యి చూపించి.

ఆయన తలవంచుకున్నాడు. ఆవిడ నింపాదిగా పార్శిల్ విప్పింది. అందులోంచి ఆవిడ తెప్పించుకున్న నీలం పువ్వుల బల్లగుడ్డ బయటికొచ్చింది.

"ఇదన్యాయం! కంపెనీది అన్నావుగా?"

"కంపెనీ పేరు నేనెత్తానా? పార్శిల్ అన్నాను. ఇక మీ విమానమంటారా, అవతలి పక్క రెక్క మీద అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి. రోజూ పిల్లల అంకెలు దిద్దేదాన్ని, నాకామాత్రం కనబడదూ?"

ఆయన జిగురు సీసాలన్నీ బాల్కనీలోకి మోశాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ కొత్త గుడ్డ పరిచిన బల్ల చుట్టూ కూర్చుని అన్నం తిన్నారు. అన్నం బాగుందని ఆయనకి ఒప్పుకోక తప్పలేదు.

"కుడి రెక్కలు రానీ, అప్పుడు చూపిస్తా నా తడాఖా," అని గొణిగాడు.

"తప్పకుండా చూపించండి," అంది టీచరమ్మ, ఇంకాస్త వడ్డిస్తూ. "బాల్కనీలో అద్దం కూడా లేదు."