కదిలినవాడికే శ్రద్ధ

"ఆన్‌లైన్ చదువుల నాణ్యతని ఇకమీదట మనుషులు తేల్చరు. కంప్యూటరే తేలుస్తుంది!" అని బందరు పక్కన కొత్తగా వెలసిన ఓ ప్రైవేటు యూనివర్సిటీలో నాణ్యతా సంఘం అధ్యక్షులు వెంకట్రామయ్యగారు సెలవిచ్చారు. చప్పట్లు కొట్టినవాళ్లలో కాంట్రాక్టు లెక్చరర్ ముబీనా కూడా ఉంది. కొట్టక చస్తుందా? క్లాసుకి మంచి స్కోరు వస్తేనే జూన్‌లో ఆవిడ ఉద్యోగం నిలుస్తుంది.

కంప్యూటరు లెక్క బహు తేలిక. కెమెరాలో ఎంత కదలిక ఉంటే విద్యార్థికి అంత శ్రద్ధ ఉన్నట్టు! కోడూరు నుంచి దివ్యశ్రీ అనే పిల్ల తల ఎత్తకుండా నోట్సు రాసుకుంటుంది. ఆ పిల్లకి శ్రద్ధ సున్నా. గుడివాడ రాంబాబు క్లాసు సాగినంతసేపూ చెల్లెలితో కొట్టుకుంటాడు. వాడికి డెబ్భై. ముబీనాకి ఒళ్లు మండిపోయేది. అయినా ఏం చేస్తుంది, కాస్త ఊగుతూ వినండర్రా అని పిల్లల్ని బతిమాలింది కూడా పాపం.

తీరా స్కోర్లు వచ్చేసరికి యూనివర్సిటీ మొత్తానికీ ఫస్టు ముబీనా క్లాసు కుర్రాడే. కృత్తివెన్ను కొండలరావు. వాడి పుణ్యమా అని క్లాసు సగటు గట్టెక్కింది. వెంకట్రామయ్యగారు పొంగిపోయి, శాలువా పట్టుకుని, ముబీనానీ కారెక్కించుకుని సన్మానానికి బయల్దేరారు.

తీరా వెళ్తే కొండలరావు ఇంట్లో లేడు. హైదరాబాదులో కొలువులో చేరి నెలలైందట. వాళ్ల నాన్న తాతారావు ఇద్దర్నీ రొయ్యల చెరువు గట్టు మీదకి తీసుకెళ్లి, కర్రకి కట్టిన ఫోను చూపించాడు. దాని ఎదురుగా నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి.

"కరెంటు పోయి అవి ఆగితే గాలాడక రొయ్యలన్నీ చచ్చిపోతాయండీ. మావాడు అక్కణ్ణుంచే చూసి చెబుతాడని ఈ ఫోను పెట్టాం. హాజరు పడుతుందని మీ క్లాసు కూడా దీంట్లోనే కలిపేశాడు" అన్నాడాయన, దాపరికమేమీ లేకుండా.

ఇక ఉద్యోగం పోయినట్టేనని ముబీనా ఖాయం చేసుకుంది. వెంకట్రామయ్యగారు మాత్రం ఆ చక్రాల వంకే చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. తర్వాత శాలువా తాతారావుకి కప్పేసి, ముబీనాని పక్కకి పిలిచి గొంతు తగ్గించారు.

"నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటానమ్మా. ఈ కెమెరా లింకేదో నాక్కూడా ఇప్పించు. పైవాళ్లు మా మీటింగులకీ ఇదే సాఫ్ట్‌వేర్ పెట్టారు. నాకేమో కూర్చుంటే కునుకు. వరసగా సున్నాలే వస్తున్నాయి."